వియోగానికి వాక్కు

ప్రేమ ఎంత సహజమో వియోగమూ అంత సహజం. ఈ రెండింటినీ పలకని సాహిత్యం లేదు. క్రౌంచమిథునంలో ఒక పక్షి నేలకూలగా వాల్మీకి హృదయంలో కలిగిన శోకమే శ్లోకమైందని మన సంప్రదాయం చెబుతుంది. అయితే మన ప్రాచీన కావ్యాలలో సాధారణంగా దుఃఖించేది పాత్ర. కవి ఆ పాత్ర వెనుక నిలుస్తాడు. 'రఘువంశం'లో ఇందుమతి కోసం అజుడు, 'కుమారసంభవం'లో మన్మథుని కోసం రతి విలపిస్తారు. కాళిదాసు తన సొంత దుఃఖం ఏమిటో చెప్పలేదు. శ్రీనాథునివిగా ప్రసిద్ధమైన చాటువుల్లో గతించిన ప్రభువుల తలపు ఉన్నా, అవి విడి పద్యాలు.

ఆంగ్ల కవిత్వంలో కవి తన పేరుతో తానే దుఃఖించే స్మృతికావ్యం బలంగా వికసించింది. 1637లో సముద్రంలో మునిగి మరణించిన సహాధ్యాయిని తలచుకొని మిల్టన్ 'లిసిడాస్' రచించాడు. అందులో మిత్రుడు ఇంకా గొర్రెలకాపరి వేషంలోనే కనిపిస్తాడు. తరువాతి కాలంలో అదే కవి, మరణించిన భార్య కలలో కనిపించి మెలకువతో మాయమైన అనుభవాన్ని చిన్న కవితగా మలిచాడు. అప్పటికే ఆయన చూపు కోల్పోయాడు. ఆ కవితలో వేషం లేదు, ఆర్భాటం లేదు.

టెన్నిసన్ మిత్రుడు ఆర్థర్ హాలమ్ 1833లో ఇరవై రెండేళ్లకే కన్నుమూశాడు. ఆ మిత్రుని గురించిన 'ఇన్ మెమోరియమ్' 1850లో గానీ వెలువడలేదు. పదిహేడేళ్ల కాలంలో కూర్చిన ఆ కావ్యంలో క్రిస్మస్ పండుగ మూడుసార్లు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ దుఃఖం కొంత రూపు మార్చుకొంటుంది, పూర్తిగా తొలగిపోదు. శోకానికీ కాలం కావాలన్న సత్యాన్ని ఆ నిర్మాణమే తెలుపుతున్నది. క్రిస్టినా రోసెట్టి పద్దెనిమిదేళ్ల వయసులో, 1849లో రచించిన 'రిమెంబర్' కవితలో పోయినవారి కోసం ఎవరూ ఏడవరు. పోబోయే స్త్రీయే మాట్లాడుతుంది. తనను తలచుకోమని మొదట కోరిన ఆమె, చివరకు తన ప్రియుడు మరచి సంతోషంగా ఉండటమే మేలంటుంది. ప్రేమకు ఇంతకన్న నిదర్శనం ఏం కావాలి?

ఆంగ్లవిద్య ద్వారా ఈ ఆత్మాశ్రయ ధోరణి తెలుగులోకి వచ్చి భావకవిత్వానికి తోడ్పడింది. 1922లో భార్యావియోగం తరువాత దేవులపల్లి కృష్ణశాస్త్రి రచనలలో విషాదం గాఢమైంది. భావకవులది కన్నీటి కవిత్వమని, అనుకరణ అని ఆనాడే ఎగతాళి చేసినవారున్నారు. దుఃఖాన్ని అలంకారంగా ధరించిన కవులు ఉన్న మాట నిజమే. కాని అంతమాత్రాన ఆ మార్గమంతా అరువు సొమ్మని తోసివేయడం న్యాయం కాదు. సంప్రదాయాభిమానిగా పేరుపొందిన విశ్వనాథ సత్యనారాయణ తన భార్య మరణానికి కుమిలి 'వరలక్ష్మీ త్రిశతి' రచించారు. ఛందస్సు మనది, పద్యం మనది. అందులో ఏడ్చినది మాత్రం పాత్ర కాదు, కవియే.

అంతేకాదు, ఈ మార్గం ఆంగ్లేయుల సొత్తూ కాదు. ఉర్దూలో మర్సియా అనే శోకగీత సంప్రదాయం ఎప్పటినుంచో ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి శంకర్‌పల్లి ప్రాంతం మీదుగా ప్రవహించే మూసీనది 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచెత్తింది. వేలమందిని బలిగొన్న ఆ వరదలో ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయి తానొక్కడే మిగిలాడు. ఆ ఘోరాన్ని ఆయన 'ఖయామతె సుగ్రా' అనే కవితలో చెప్పుకొన్నాడు. మళ్లీ అటువంటి వరద రాకుండా మూసీపై గండిపేట జలాశయాన్ని 1920లో నిర్మించారు. నీటిని ఆపడానికి కట్ట చాలింది. పోయినవారిని గూర్చిన వేదనకు మాత్రం మాట కావలసివచ్చింది.

ఇటువంటి కవిత్వం యువతను బలహీనపరుస్తుందని కొందరి అభిప్రాయం. అది సరికాదు. దుఃఖాన్ని మింగి ఊరకుండటమే ధైర్యమని మన ఇళ్లలో, ముఖ్యంగా మగపిల్లలకు, నేర్పుతున్నాం. మింగిన దుఃఖం కరగదు; లోపలే గడ్డకడుతుంది. మాటల్లో పెట్టిన దుఃఖానికి ఒక ఆకారం వస్తుంది. దాన్ని ఇంకొకరితో పంచుకోవచ్చు. ఛందస్సో, లయో పాటించాలంటే కవి తన వేదనను ఎదుట పెట్టుకొని చూడక తప్పదు. ఆ చూడటంలోనే నిగ్రహం ఉంది.

కనుక విద్యార్థులు ఆంగ్ల పాఠంలోని స్మృతిగీతాన్ని సారాంశం కోసం, మార్కుల కోసం మాత్రమే చదివి విడిచిపెట్టరాదు. దాని పక్కన విశ్వనాథ పద్యాలను, అమ్జద్ కవితను ఉంచి చదవాలి. భాషలు వేరు, కాలాలు వేరు, మతాలు వేరు. అయినా ప్రతి కవీ చేసిన పని ఒక్కటే: లోకానికి ఏమాత్రం పరిచయం లేని ఒక మనిషిని మనకు ఆప్తులుగా చేయడం. నూరేళ్ల కిందట మూసీలో కొట్టుకుపోయిన ఒక తల్లి కోసం ఈనాటి పాఠకుని కన్ను చెమర్చిందంటే, ఆ కవిత తన పని చేసినట్లే.