ఛాయాచిత్రముల భవితవ్యము

పాత ఉన్నత పాఠశాలలలో ప్రధానోపాధ్యాయుని గదిగోడపై వరుసగా వ్రేలాడు పటములను చూడనివారుండరు. ముందు కుర్చీలలో ఉపాధ్యాయులు, వెనుక బల్లలపై విద్యార్థులు, అడుగున పేర్ల వరుస. అరువదేండ్లు గడచినను ఆ ముఖములు నిలిచియున్నవి. గత ఇరువది యేండ్లలో ఆ పాఠశాలలలోనే వేలకొలది చిత్రములు తీయబడినవి. వానిలో నెన్ని నేడు దొరకును? ఫిల్మును విడిచి డిజిటల్ పద్ధతిని చేపట్టిన సమాజము ఈ ప్రశ్నను తప్పించుకొనజాలదు.

ఫిల్ము వ్యయప్రయాసలతో కూడిన విద్య యనుట నిజము. ఒక్క చుట్టకు ముప్పదియారు చిత్రములు. మీట నొక్కిన ప్రతిసారి ఖర్చే. వెండి లవణములు పూసిన ఆ పొరను చీకటిగదిలో రసాయనములతో కడిగి, హైపోలో స్థిరపరచువరకు బొమ్మ కుదిరినదో లేదో తెలియదు. పెండ్లిలో తలంబ్రాల ఘట్టము చెడిపోయినచో మరల తీయుటకు వీలులేదు. డిజిటల్ కెమేరా ఈ బాధలను తొలగించినది. తీసిన క్షణముననే చూడవచ్చును, నచ్చనిచో తుడిచివేయవచ్చును, వేయి తీసినను ఫిల్ము ఖర్చు లేదు. ఒకనాడు కలవారి వేడుకయైన ఛాయాచిత్రము నేడు కూలివాని చేతి ఫోనులోనికి వచ్చినది. ఇది అల్పమైన లాభము కాదు.

అయినను ఈ మార్పునకు మూల్యము చెల్లించినవారు కలరు. 1975లో అమెరికాలోని కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు తొలి డిజిటల్ కెమేరాను నిర్మించెను. పదివేల చుక్కల బొమ్మ నొకదానిని క్యాసెట్ టేపుపై నమోదు చేయుటకు దానికి 23 సెకనులు పట్టెను. ఫిల్ము అమ్మకముపై బ్రతుకుచున్న ఆ సంస్థ తన యింట పుట్టిన బిడ్డను సకాలమున ఆదరింపలేక, 2012లో దివాలా రక్షణ కోరవలసివచ్చెను. మనదేశమున 1960లో ఉదకమండలమున స్థాపింపబడి, 'ఇందు' పేర ఫిల్మును అందించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్, అప్పటికే నష్టములలో కూరుకొనియుండి, తుదకు మూతపడినది. ఊరూర స్టూడియోలలో నెగెటివులకు సన్నని కుంచెతో మెరుగులు దిద్దిన పనివారి నేర్పు వారితోనే అంతరించుచున్నది.

ఇక కుటుంబములు చెల్లించు మూల్యము వేరు. ఖర్చు మాయము కాలేదు, చోటు మార్చుకొన్నది. కంప్యూటరు, హార్డు డిస్కు కొన్నియేండ్ల కొకసారి మార్చవలసినవే. డిస్కు చెడినను, ఫోను పోయినను, రహస్యపదము మరచినను పదియేండ్ల జ్ఞాపకములు ఒక్క క్షణములో పోవును. సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము ఆస్థానమున ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ 1905లో గతించెను. ఆయన గాజుపలకల నెగెటివులు రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రపరుపబడినవి. వానిని వెలుతురునకు ఎత్తిపట్టిన చాలు, బొమ్మ కనబడును. డిజిటల్ చిత్రమైనచో, దానిని చదువు యంత్రమున్నంతవరకే కనబడును. గాజుపలక పగులును, ఫిల్మునకు బూజు పట్టును, నిజమే. డిజిటల్ చిత్రమునకు లోపము లేకుండ ఎన్ని నకళ్ళైనను తీయవచ్చును. కాని ఆ నకళ్ళు తీసి దాచువారెందరు?

ఫిల్మునకు మరలిపోవుట సాధ్యము కాదు, అవసరమును కాదు. దాచు బాధ్యత వెనుకటి వలె కాగితము వహింపదని మాత్రము గ్రహింపవలెను. ప్రతి పాఠశాలయు ఏటేట ఒక్క సామూహిక చిత్రమునైనను మంచి కాగితముపై ముద్రింపించి, పేర్లును సంవత్సరమును వ్రాయించి, గోడ కెక్కింపవలెను. మూలప్రతిని రెండు వేరువేరు చోట్ల ఉంచి, ఏటి కొకసారి తెరచి చూడవలెను. ఈ పనిని విద్యార్థులకే అప్పగించినచో చరిత్ర రచనలో వారి కది తొలిపాఠమగును. ముప్పదేండ్ల తరువాత ఆ గదిలో అడుగుపెట్టు పూర్వవిద్యార్థి మొదట వెదకునది తన ముఖమునే. అది అచ్చట నుండవలెను.