ఎర్త్ తీగ తెగితే మోటరు ఆగదు

ఘనపూర్ ఆనకట్ట కాలువ అందని చోటల్లా మెదక్ రైతుకు బోరే దిక్కు. ఆ బోరు మోటరు కాలితే మీకు వెంటనే తెలుస్తుంది. మడికి నీళ్లు ఆగిపోతాయి, మెకానిక్ కోసం పట్నానికి పరుగెత్తుతారు. మరి స్టార్టర్ డబ్బాకున్న ఎర్త్ తీగ తెగితే? ఏమీ తెలియదు. మోటరు మామూలుగానే నడుస్తుంది. ఏదో ఒకనాడు డబ్బాకు కరెంటు పాకి, తడిచేత్తో ఎవరో ముట్టుకున్నప్పుడే సంగతి బయటపడుతుంది. అప్పటికి చేసేదేముంటుంది?

మోటరుకు కావలి కాసేవి మూడు. ఎర్త్ మనిషి ప్రాణం కాపాడుతుంది. ఓవర్‌లోడ్ రిలే భారం మించితే మోటరును ఆపుతుంది. ఒక ఫేజు పోయినప్పుడు మిగతా రెండింటిలో కరెంటు పెరిగి వైండింగ్ కాలకుండా సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ చూస్తుంది. వీటితో రోజూ పని పడదు, ఆపద నాడే పడుతుంది. అందుకే చెడిపోయినా చెప్పవు. కావలి కుక్క చచ్చిన సంగతి దొంగ పడ్డాక తెలిస్తే ఏం లాభం?

"నడుస్తోంది కదా, ఎందుకు కదిలించాలి?" అంటారు కొందరు. మోటరు విషయంలో ఆ మాట నిజమే. బాగున్న మోటరును బోరులోంచి పైకి తీయనక్కర్లేదు. నీళ్లు తగ్గడం, అమ్మీటరు ముల్లు పెరగడం చూస్తే దాని జబ్బు తెలిసిపోతుంది. కావలి పరికరాలకు మాత్రం ఈ లెక్క చెల్లదు. వెతికితేనే వాటి దోషం దొరుకుతుంది.

ఎన్నాళ్లకోసారి వెతకాలి? ఏడాదికోసారి చూస్తే, మధ్యలో చెడింది సగటున ఆరు నెలలు దాగి ఉంటుంది. నాలుగు నెలలకోసారి చూస్తే రెండు నెలలే. కాబట్టి కార్తెలు గుర్తు పెట్టుకోండి. మృగశిరకు ముందు ఒకసారి, యాసంగికి ముందు స్వాతిలో ఒకసారి, ఎండలకు ఎర్త్ గుంత ఎండిపోయే ఉగాది వేళ ఒకసారి చూపించండి. వరుసగా రెండుసార్లు దోషం దొరికితే గడువు ఇంకా తగ్గించండి. వైండింగ్ చేయించి మోటరు దించిన నాడు తప్పకుండా చూపించండి. రిలేను తప్పించి "డైరెక్ట్" ఇచ్చిపోయే అలవాటు ఎక్కువగా కనబడేది అప్పుడే.

ఈ పరీక్ష మీరు సొంతంగా చేయవద్దు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. అతను సప్లై ఆపి ఒక ఫేజు ఫ్యూజు తీస్తాడు. మళ్లీ సప్లై ఇచ్చాక మోటరు ఎత్తుకోకూడదు. ఎత్తుకుంటే ప్రివెంటర్ పోయినట్టే. ఎర్త్ తీగను, గుంతను మీటరుతో చూడమనండి. చూసిన తేదీ డబ్బా మూత లోపల రాయించండి.

ఒక్కరికి ఖర్చు బరువనిపిస్తే, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది నలుగురైదుగురు కలిసి ఒకే రోజు పిలిపించుకోండి. ఇక ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ చూడాల్సింది విద్యుత్ సంస్థే. ఏ ఊరికి ఏ తేదీన వస్తారో పంచాయతీ గోడ మీద రాయాలని మన గ్రామసభలు గట్టిగా అడగాలి. కాలిన మోటరును మళ్లీ చుట్టించుకోవచ్చు. పోయిన ప్రాణాన్ని తేలేము.