కారులో కంపెనీ పాట: పైన పటారం, లోన లొటారం

పల్లెల్లో కారు కొనడం ఇప్పటికీ ఇంటిల్లిపాదికీ పండుగే. గుడి ముందు పూజ జరుగుతుంది. చక్రాల కింద నిమ్మకాయలు నలుగుతాయి. బానెట్ మీది పూలదండ వాడకముందే పిల్లలు పాట పెట్టమంటారు. పాట మొదలవుతుంది. స్టీరింగు పక్కన పలకంత తెర మీద రంగురంగుల బొమ్మలు కదులుతాయి. కానీ చెవికి చేరే పాటలో పస ఉండదు. డోలు దెబ్బ అట్టపెట్టె మీద కొట్టినట్లు, నాదస్వరం ముక్కుతో పలికినట్లు వినిపిస్తుంది. ధ్వని కాస్త పెంచితే తలుపు గడగడలాడుతుంది. షోరూంలో విన్నది ఇది కాదే అని కొన్నవారు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

వారి అనుమానం తప్పు కాదు. నడిపి చూడమని షోరూం వారు ఇచ్చే కారు సాధారణంగా అన్ని హంగులూ ఉన్న పై రకం. కొనుగోలుదారు తన స్తోమతను బట్టి తీసుకునేది కింది రకమో, మధ్య రకమో. పేరు ఒకటే, ఆకారం ఒకటే, రంగు ఒకటే. తలుపు లోపల బిగించిన స్పీకరు మాత్రం ఒకటి కాకపోవచ్చు. ఈ తేడా చెప్పేవారు తక్కువ, అడిగేవారు ఇంకా తక్కువ.

పాట బాగా లేకపోతే కారు నడవదా అని కొందరు కొట్టిపారేస్తారు. నడుస్తుంది. అయితే వేరుశనగ అమ్మిన సొమ్మో, బ్యాంకు అప్పో పెట్టి కారు కొన్నవాడికి తాను ఏ వస్తువుకు ఎంత కడుతున్నదీ తెలియాలి. సీటు కవర్ల దగ్గర వంద రూపాయలకు బేరమాడే మనిషి, స్పీకర్ల ఊసెత్తకుండానే లక్షల రూపాయల కాగితంపై సంతకం పెడుతున్నాడు. కంపెనీలకు కలిసి వస్తున్నది ఇదే.

కాగితానిది కాదు తప్పు

కంపెనీ బిగించినవాటిని 'పేపరు స్పీకర్లు' అని తీసిపారేయడం బజారులో పరిపాటి. ఈ మాటలో సగమే నిజముంది. పేరుమోసిన ఖరీదైన స్పీకర్లలోనూ కాగితపు గుజ్జుతో చేసిన గరాటులు ఉన్నాయి. కాగితం తేలిక, గట్టిదనం ఉంటుంది, అనవసరంగా మోగదు. తప్పు కాగితానిది కాదు, దాని వెనుక ఉన్నవాటిది.

స్పీకరంటే ఒక అయస్కాంతం, దాని మధ్య కదిలే తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన గరాటు. చుట్ట ముందుకూ వెనక్కూ ఊగితే గరాటు గాలిని నెడుతుంది. ఆ గాలి కదలికే చెవిలో పాట అవుతుంది. అయస్కాంతం చిన్నదై, చట్రం పలుచటి రేకో ప్లాస్టిక్కో అయితే గరాటు మీద అదుపు తగ్గిపోతుంది.

మృదంగం ఎడమ మూత, డప్పు మోత, ఘంటసాల గొంతులోని గాంభీర్యం వంటి మంద్ర ధ్వనులు పలకాలంటే ఎక్కువ గాలి కదలాలి. అందుకు గరాటు పెద్దది కావాలి. దాని వెనుక వైపు గాలి ముందుకు చొరబడకుండా మూసిన పెట్టె కావాలి. కారు తలుపు అలాంటి పెట్టె కాదు. పలుచటి రేకు, అద్దం దిగే సందు, లోపలి పనుల కోసం వదిలిన రంధ్రాలు. గరాటు ముందు నుంచి వచ్చిన అల, వెనుక నుంచి వచ్చిన అల ఒకదాన్నొకటి మింగేస్తాయి. మంద్రం పోతుంది, రేకు మోత మిగులుతుంది. దీనికి తోడు టైర్ల హోరు, ఇంజను శబ్దం సరిగ్గా ఆ మంద్ర ధ్వనులనే కప్పేస్తాయి. దాంతో నడిపేవాడు ధ్వని పెంచుతాడు. పాటలో పస రాదు గానీ, వెనుక నుంచి వచ్చే లారీ హారను వినిపించకుండా పోతుంది.

వాట్ల లెక్క కూడా ఇలాంటిదే. కారు బ్యాటరీ 12 వోల్టులది. ఇంజను నడుస్తున్నప్పుడు 14 వోల్టుల చుట్టుపక్కలకు చేరుతుంది. వేరే ఆంప్లిఫయర్ లేకుండా, ఆ వోల్టేజీతో మామూలు 4 ఓముల స్పీకరుకు నిలకడగా అందేది సుమారు 20 వాట్లే. అట్టపెట్టె మీద 50 వాట్లని అచ్చువేసినా, అది రెప్పపాటు ఎగిరిపడే గరిష్ఠమే తప్ప పాట పొడుగునా నిలిచేది కాదు. వోల్టేజీని తనలో పెంచుకునే విడి ఆంప్లిఫయర్ ఉంటేనే అంతకు మించిన బలం వస్తుంది. కింది రకం కార్లలో అది సాధారణంగా ఉండదు. తెర ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు.

నాటి వెనుక చెక్క

1970, 1980 దశకాలలో అంబాసిడర్‌లోనో ఫియెట్‌లోనో పాట కావాలంటే చాలామంది పట్నం వెళ్లి ఆటో ఎలక్ట్రీషియన్ ముందు కారు ఆపవలసి వచ్చేది. అతడు టేపు డెక్కు బిగించి, వెనుక సీటు పైనున్న చెక్కకు కోడిగుడ్డు ఆకారపు రెండు స్పీకర్లు అమర్చేవాడు. చెక్క కిందనున్న డిక్కీ మూసిన పెట్టెలా పనిచేసేది. తెలిసి చేసినా తెలియక చేసినా డోలు డోలులాగే వినిపించేది. ఇప్పుడు చిన్న కార్లలో ఆ చెక్క స్థానంలో ఊడదీసే పలుచటి అట్ట వచ్చింది. స్పీకర్లు తలుపుల్లోకి దిగాయి.

అలాగని బజారు పనే మేలు, కంపెనీ పని నాసి అనడం న్యాయం కాదు. ఎండలో నిలిపిన కారు లోపలి వేడికి, దుమ్ముకు, అద్దం సందు నుంచి దిగే వాన నీటికి తట్టుకుని ఏళ్ల తరబడి పలకడం కంపెనీ స్పీకర్ల సుగుణం. వార్తలు వినడానికి, దారి పొడుగునా కబుర్ల మధ్య పాత పాట మెల్లగా పెట్టుకోవడానికి అవి చాలామందికి సరిపోతాయి కూడా. అసలు కారులో మంచి ధ్వని కుదర్చగల అవకాశం అందరికంటే ఎక్కువగా ఉన్నది కంపెనీకే. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ముందు అద్దం ఎంత వాలుగా ఉందో, సీటు గుడ్డ ఎంత ధ్వనిని పీల్చుకుంటుందో దానికి ముందే తెలుసు.

ఈ కిటుకు పట్టుకున్నవారు అమర్ బోస్. కలకత్తా నుంచి అమెరికా చేరిన ఒక స్వాతంత్ర్య యోధుని కుమారుడు ఆయన. ఎం.ఐ.టి.లో ఆచార్యుడిగా పనిచేస్తూ 1964లో సొంత కంపెనీ స్థాపించారు. ఆ కంపెనీ జనరల్ మోటార్స్‌తో కలిసి 1983 మోడల్ కాడిలాక్ సెవిల్ వంటి కార్లకు, ఆయా కార్ల కొలతలకే సరిపోయేలా పాటల యంత్రాన్ని తయారుచేసింది. ఒక్కొక్క స్పీకరుకు సొంత పెట్టె, సొంత ఆంప్లిఫయర్ పెట్టింది. కర్మాగారంలోనే బిగించి ఇచ్చింది.

36 ఏళ్ల తర్వాత ఆ పేరు అనంతపురం సీమకు వచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా కర్మాగారంలో తయారై 2019 ఆగస్టులో విడుదలైన సెల్టోస్ కారు పై రకాలలో 8 స్పీకర్ల బోస్ వ్యవస్థ అమర్చారు. ఒకనాడు అమెరికాలో సంపన్నులు విన్న పద్ధతి, వేరుశనగ చేల పక్కనే తయారయ్యే కారులోకి వచ్చిందన్నమాట. కార్ల పరిశ్రమకు మంచి ధ్వని చేతకాదనడానికి ఇక ఆస్కారం లేదు.

నిచ్చెన మెట్ల మీద పాట

చేతనై కూడా అందరికీ ఎందుకు అందదు? పాటను నిచ్చెన పై మెట్టు మీద పెట్టారు గనుక. ఇది ఏదో ఒక్క కంపెనీ పద్ధతి కాదు, పరిశ్రమలో దాదాపు అందరిదీ ఇదే దారి. కింది రకంలో కొన్నిటికి స్పీకర్లే ఉండవు, కొన్నిటికి రెండో నాలుగో ఉంటాయి. మంచి స్పీకర్లు, ఆంప్లిఫయర్ కావాలంటే వాటితోపాటు పైకప్పు అద్దం, తోలు సీట్లు, మరో పది హంగులు కలిపి కొనవలసిందే. పాట మీద మక్కువ ఉన్న రైతు, తనకు అక్కరలేని పైకప్పు అద్దానికి కూడా అప్పు చేయాలి. కొన్ని కార్లలో ఈ తేడా లక్ష రూపాయలు దాటుతుంది.

కంటికి కనిపించేది అమ్ముడుపోతుందని, చెవికి వినిపించేది ఎవరూ అడగరని కంపెనీలకు బాగా తెలుసు. అందుకే ప్రచార పత్రాలలో తెర ఎన్ని అంగుళాలో పెద్ద అక్షరాలలో ఉంటుంది. స్పీకరు ఎన్ని అంగుళాలో, నికరంగా ఎన్ని వాట్లో వెతికినా దొరకదు. పేరుమోసిన ముద్ర ఒకటి తలుపు మీద అతికిస్తే చాలనుకుంటారు. ఆ పేర్ల సంగతీ తెలుసుకోదగ్గదే. జె.బి.ఎల్., ఇన్ఫినిటీ, హర్మాన్ కార్డన్ మూడూ ఒకే గొడుగు కింది పేర్లు. ఆ హర్మాన్ సంస్థను 2017లో శాంసంగ్ కొనుగోలు చేసింది. ముద్ర చూసి కాదు, విని కొనాలి.

తీగ తెగితే వారంటీకి ముప్పు

కంపెనీ పాట నచ్చని వారు బజారు బాట పడుతున్నారు. అక్కడ మంచి పనివారున్నారు. తలుపు రేకుకు లోపల మందపాటి డ్యాంపింగ్ షీటు అంటించి, రంధ్రాలు మూసి, ఉన్న స్పీకర్లతోనే పాటను సగం బాగుచేయగలరు. ముందు తలుపుల స్పీకర్లు మాత్రం మార్చి, సరిపోయే కప్లర్‌తో కలిపి, ఒక్క తీగ కూడా కోయకుండా పని ముగించేవారూ ఉన్నారు.

చిక్కంతా తొందరపాటు పనితో వస్తోంది. కంపెనీ తీగ కోసి, టేపు చుట్టి, ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా ఆంప్లిఫయర్‌కు కనెక్షన్ ఇచ్చేస్తున్నారు. తీగ ఎక్కడైనా రేకుకు ఒరుసుకుని పైతొడుగు పోతే నిప్పు పుడుతుంది. నేటి కారులో తీగల గుంపు మధ్యనే ఎయిర్‌బ్యాగు తీగలు కూడా ఉంటాయి. తర్వాత ఏ ఎలక్ట్రికల్ లోపం వచ్చినా, తీగ కోశారు గనుక వారంటీ వర్తించదని చెప్పే వీలు కంపెనీకి దొరుకుతుంది. నాసి పాట ఇచ్చింది కంపెనీ, బాగుచేసుకోబోయి నష్టపోయేది కొన్నవాడు. ఇది శోచనీయం.

చేయవలసింది కష్టమేమీ కాదు. ప్రతి రకం కారుకూ స్పీకర్లు ఎన్ని, వాటి సైజు ఎంత, నికరమైన వాట్లు ఎన్ని అనేది ధరల పట్టికలోనే అచ్చువేయాలి. నాలుగు తలుపులకూ తీగలు, కప్లర్లు కర్మాగారంలోనే వేసి ఇవ్వాలి. మంచి స్పీకర్లు, ఆంప్లిఫయర్ విడి సామానుగా ఏ రకం కారుకైనా వారంటీతో అమ్మాలి. సీటు కవర్లను విడిగా అమ్మగలిగినవారు పాటను ఎందుకు అమ్మలేరు?

ఆ రోజు వచ్చేదాకా కొనుగోలుదారే మెలకువగా ఉండాలి. తాను కొనబోయే రకం కారులోనే పాట వినిపించమని పట్టుబట్టాలి. బాగా తెలిసిన పాటను సొంత పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లాలి. తలుపులు మూసి, ధ్వని సగానికి, తర్వాత ముప్పావుకు పెంచి వినాలి. తలుపు రేకు మీద చెయ్యి ఆనించి అదురు చూడాలి. వెనుక సీటులో కూర్చుని ఒకసారి, రోడ్డు మీద వెళుతూ మరోసారి వినాలి. ఇస్తామన్న స్పీకర్లు, సామాన్లు బిల్లుపై రాయించుకోవాలి.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, సామర్థ్యం, ప్రమాణం, ధర తెలుసుకునే హక్కును కొనుగోలుదారుకు ఇచ్చింది. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయలు మించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. పాట నచ్చలేదంటే అక్కడ చెల్లకపోవచ్చు గానీ, రాసి ఇచ్చినది బిగించలేదంటే తప్పక అడగవచ్చు. అందుకే ఆ రాత ముఖ్యం. సంతకం పెట్టకముందు ఒక్క పాట పూర్తిగా విన్నంత మాత్రాన షోరూం వారి పొద్దు పోదు. అక్కడ వినకపోతే అప్పు తీరేదాకా ఆ గడగడనే వినవలసి ఉంటుంది.