సెంగేణిదే అసలు ధైర్యం

నేరం చుట్టూ తిరిగే సినిమాల్లో ధైర్యాన్నంతా మనం హీరో ఖాతాలోనే వేస్తున్నాం. 2021లో వచ్చిన ‘జై భీమ్’కూ అదే జరిగింది. చప్పట్లన్నీ సూర్య పోషించిన లాయరు చంద్రుకే దక్కాయి. 1993లో తమిళనాడులో జరిగిన లాకప్ మరణం ఆధారంగా టి.జె. జ్ఞానవేల్ తీసిన ఈ చిత్రానికి వెన్నెముక మాత్రం లిజోమోల్ జోస్ నటించిన సెంగేణి. ఇరుళర్ తెగ మహిళ, నిండు గర్భిణి, చేతిలో పైసా లేదు. పోలీసులు పట్టుకెళ్లిన భర్త కోసం హైకోర్టు గడప తొక్కింది. రాజీపడితే డబ్బిస్తామంటే, తండ్రిని చంపినవాళ్ల సొమ్ముతో పిల్లల్ని పెంచలేనంది. జీపెక్కమని పోలీసులే బతిమాలినా బిడ్డతో నడిచే వెళ్లింది. ఈ రెండు సన్నివేశాల ముందు కోర్టు వాదనలన్నీ చిన్నవే.

లాయరు లేకపోతే కేసెక్కడిదని అడగవచ్చు. నిజమే, హెబియస్ కార్పస్ పిటిషన్ ఆమె ఒక్కతే నడపలేదు. స్టార్ లేకపోతే ఈ కథ ఇంతమందికి చేరేది కాదన్నదీ ఒప్పుకోవలసిందే. కానీ ఓడిపోతే లాయరుకు ఇంకో కేసు ఉంటుంది. ఆమె మాత్రం అదే ఊళ్లో, అదే పోలీసుల మధ్య బతకాలి. పోగొట్టుకునేది ఎవరికి ఎక్కువో వాళ్లదే పెద్ద సాహసం. మన దర్శకులు ఇలాంటి కథలు ఎంచుకున్నప్పుడు బాధితురాలిని ఏడ్చే సాక్షిగా మిగల్చకుండా, కథ నడిపే మనిషిగా నిలబెట్టాలి.