రచ్చబండకు యజమాని యెవరు?

రాజుపాలెము రచ్చబండపై కూర్చుండి గ్రామస్థుడు పన్నుల బాధను గూర్చి పలికినచో, లేచిపొమ్మనుట కెవ్వరికిని అధికారము లేదు. ఆతడే పరుల ధాన్యపుకొట్టు ముంగిట సభ చేయబూనినచో, కొట్టు యజమాని వలదనవచ్చును. ఈ భేదము పల్లెవాని కెరుకయే. రైల్వేబోర్డు, నిరంజన్‌సింగు వ్యాజ్యెమున 1969లో సుప్రీంకోర్టు చెప్పినదియు నిదియే: రాజ్యాంగపు 19వ అధికరణము వాక్స్వాతంత్ర్యము నిచ్చినను, పరుల యావరణములో సభ చేయు హక్కు నీయలేదు. ఈ తీర్పును మే మాక్షేపింపము. తలుపు వేసికొను హక్కు లేనిచో నది యిల్లెట్లగును?

వీథి మాట వేరు. 2022 డిసెంబరు 28న కందుకూరు తొక్కిసలాటలో ఎనమండుగురు మరణించిరి. పిమ్మట 2023 జనవరిలో నాటి రాష్ట్రప్రభుత్వము 1వ నంబరు జీ.వో. వెలువరించి, రహదారులపై సభలకు అరుదుగ దప్ప అనుమతి లేకుండ చేసెను. ప్రాణరక్షణ ప్రభుత్వ ధర్మమే. అయినను ఆ యేడు మే 12న హైకోర్టు ఆ జీ.వో.ను కొట్టివేసెను. పలనాటివారికి ఈ పోరు క్రొత్తది కాదు. 1921 నాటి పుల్లరి యుద్యమమున ఇచ్చటికి వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెరసాల పాలైరి.

నేటి చిక్కు ఏమన, రచ్చబండయే యొకరి సొత్తైనది. మిరప ధర పడిపోయెనని రైతు నేడు ఫేస్‌బుక్‌లోనో, యూట్యూబులోనో మొరపెట్టుకొనును. కాలిఫోర్నియాలోని కంపెనీ ఆ మొరను తుడిచివేసిన, అడుగుటకు గడప కానరాదు. “ఇది మా యిల్లు” అందురు. ఊరినంతయు పిలిచి, ఊరిమాటల నడుమ ప్రకటనలు చొప్పించి ధనమార్జించువారు, తుదకు ఇది మా పడకగది యనుట చెల్లునా?

దూషణలను, అబద్ధములను ఉంచవలెనని మా వాదము కాదు. 2024 మే నెల ఎన్నికలవేళ పలనాటి దౌర్జన్యములను చూచినవారము. నోటి నిప్పు ఊరి కంటుకొనునని మాకు వేరుగ చెప్పనక్కరలేదు. తొలగింపునకు కారణము చెప్పుడనియే మా కోరిక. 2021 నిబంధనలు పెద్ద మాధ్యమములవారు కారణము తెలిపి, ఆక్షేపణ వినవలెనని విధించినవి. 2023లో అప్పీలు కమిటీలును ఏర్పడినవి. ఆ కారణము తెలుగువానికి తెలుగున చేరవలెను. కంపెనీ కన్న ప్రభుత్వమును మరింత కనిపెట్టి యుండవలెను. 66ఏ సెక్షనును సుప్రీంకోర్టు 2015లో కొట్టివేసినను, మాటలను మూసివేయు ప్రభుత్వపుటుత్తరువులకు 2009 నిబంధనలు గోప్యత విధించుచున్నవి. పరుని చేతితో ప్రజల నోరు రహస్యముగ మూయుట ప్రజారాజ్యమునకు తగదు. ఉత్తరువు బయట పెట్టవలెను.

పఠనమందిరముల నిర్వాహకులకు మా విన్నపమొకటి. ఈ నిబంధనలను సాయంకాలవేళ చదివి వినిపింపుడు. అప్పీలు వ్రాయుట తెలియనివానికి వ్రాసిపెట్టుడు. అడిగినవానికే సమాధానము, అడుగనివాని రచ్చబండ ఎప్పటికిని పరులదే.