కావలివాండ్ర జీతములు

చార్మినారు చుట్టునుగల ముత్యాల దుకాణములును, పత్థర్‌గట్టిలోని బట్టల కొట్లును, గుల్జార్ హౌజ్ చెంతనున్న నగల అంగళ్లును రాత్రి మూయబడిన పిమ్మట వాని యెదుట మిగులువాడు కావలివాడొక్కడే. లక్షల విలువగల సరకును అతని కప్పగించి యజమాని యింటికి బోయి నిశ్చింతగ నిదురించుచున్నాడు. ఆ నిశ్చింతకు వెల యెంత యని అడిగినవారు మనలో తక్కువ. దుకాణమునకే గాదు, ఆసుపత్రికి, బ్యాంకునకు, పాఠశాలకు, పెండ్లి మండపమునకు, అంతస్తుల యిండ్లకు నేడు కావలివాడు వలయును. అట్టివాని జీతము మాత్రము ఎవరికి తోచినట్లు వారు నిర్ణయించుచున్నారు.

పాతబస్తీకి ఈ వృత్తి క్రొత్తది కాదు. హద్రమౌత్ దేశమునుండి వచ్చిన అరబ్బులు పందొమ్మిదవ శతాబ్దమున ఇచ్చట నవాబుల దేవిడీలకును, సాహుకార్ల కొట్లకును పహరా కాసిరి. బార్కాస్ అను పేట పేరు వారి సైనిక నివాసములవలన వచ్చినదే. వారి జీతము నిలిపివేయుటకు ఎవరికిని ధైర్యము చాలెడిది కాదు. అప్పులిచ్చువారును, వానిని వసూలు చేయువారును వారే యగుటచే, 1853లో దివానుగిరి వహించిన సాలార్‌జంగునకు వారిని అదుపున బెట్టుట పెద్ద పని యయ్యెను. ఆనాడు యజమాని కావలివానికి జంకెడివాడు. నేటి కావలివానికి తన యజమాని యెవరో తెలియుటయే కష్టముగ నున్నది.

ఏలన, దుకాణదారునికిని కావలివానికిని నడుమ ఏజెన్సీ యొకటి వెలసినది. దుకాణదారుడు మాసమునకింత యని ఏజెన్సీకి చెల్లించును. అందు మనిషి చేతికి చేరునది యెంతయో అతడు విచారింపడు. జీతము తక్కువైనదని కావలివాడు దుకాణదారుని అడిగిన, ఏజెన్సీని అడుగు మనును. ఏజెన్సీని అడిగిన, దుకాణదారుడు ఇంతకు మించి యిచ్చుట లేదనును. ఉడుపునకు కొంత, ఆలస్యమునకు కొంత కోత పడిన మీదట మిగిలినది తీసికొని, మరునాటి రాత్రి అతడు మరల అదే ద్వారమునకు వచ్చుచున్నాడు.

పని గంటల సంగతి ఇంతకంటె శోచనీయము. చాలచోట్ల కావలివాడు దినమునకు 12 గంటలు నిలువవలసియున్నది. వారపు సెలవన్నది పేరునకు కూడ లేనిచోట్లు పెక్కులు. ఎనిమిది గంటలకు మించిన ప్రతి గంటకును రెట్టింపు వేతన మీయవలెనన్న లెక్క పట్టిన, పండ్రెండు గంటలు పనిచేసినవానికి పదునాఱు గంటల కూలి ముట్టవలెను. అనగా కనీస వేతనము ఎంతయో దానికి సరిగ రెండంతలు. ఈ లెక్క వేయుటకు గణితశాస్త్రము అక్కఱలేదు. ఇచట కొందఱొక వాదము తెత్తురు. కావలివాడు కుర్చీలో కూర్చుండియుండును గదా, అతని పని నడుమ నడుమ విరామములు గల పని యందురు. అట్టి పనికి గంటల నియమమును సడలించుటకు వేతన స్మృతియందు త్రోవ యున్నమాట నిజమే. కాని రాత్రి రెండుగంటలవేళ రెప్ప వాల్చినందులకు జరిమానా వేయుచు, జీతమిచ్చు నాడు అది విశ్రాంతి యనుట ఏ న్యాయమో మాకు బోధపడకున్నది.

చట్టము లేకపోలేదు. 1948 నాటి కనీస వేతనముల చట్టము, నిర్ణయించిన వేతనములను ఐదేండ్లకు మించకుండ పునఃపరిశీలింపవలెనని విధించెను. తెలంగాణ ప్రభుత్వమువారు 2021 జూనులో కావలి సేవలు లోనగు ఐదు వర్గములకు నూతన వేతనములను నిర్ణయించుచు ఉత్తర్వులు చేసిరి. కాని గెజిట్టునందు ప్రకటింపబడిననే గాని అట్టి యుత్తర్వు అమలునకు రాదు. సంతకమైనది, అచ్చు కాలేదు. తుదకు 2023లో హైకోర్టువారు ప్రకటింపుడని ఆదేశింపవలసివచ్చెను. మేము పత్రికవారము; కాగితము అచ్చువేయుటకు ఎంతకాలము పట్టునో కొంత యెఱుగుదుము. రెండేండ్లు పట్టునని మాత్రము ఎన్నడును వినలేదు. ఆ రెండేండ్లలో ఎక్కువైన బియ్యపు ధర, ఇంటి అద్దె గెజిట్టుకొఱకు ఆగియుండలేదు.

ఇప్పుడు పాత చట్టము పోయి, 2019 నాటి వేతన స్మృతి 2025 నవంబరు 21వ తేదీనుండి అమలునకు వచ్చినది. పట్టికలో పేరున్న వృత్తులకే కనీస వేతనమను నియమము దీనితో తొలగినది. ఏజెన్సీ ద్వారమున వచ్చినవాడును, దుకాణదారుడు నేరుగ పెట్టుకొన్నవాడును దీనికి లోబడుదురు. ఇది మేలే. అయినను రేటును నిర్ణయించి ప్రకటించు భారము ప్రభుత్వముదే గనుక, వెనుకటి జాప్యమే మరల సంభవించునేమో యని మా భయము.

2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టమును కూడ ఇచట పేర్కొనవలెను. కార్మిక చట్టములను అతిక్రమించిన ఏజెన్సీ లైసెన్సును రద్దుచేయు నధికారము అందు గలదు. కావలివానికి 100 గంటలు తరగతిలోను, 60 గంటలు బయటను శిక్షణ గఱపవలెనని 2006 నాటి మాదిరి నిబంధనలు చెప్పినవి; నిప్పు నార్పుట అందులో నొక పాఠము. 2025 మే 18వ తేదీ ఉదయమున గుల్జార్ హౌజ్ చెంత నిప్పంటుకొని 17 గురు మరణించిన సంగతి పాఠకులు మఱచియుండరు. ఆ యిఱుకు వీధులలో రాత్రివేళ పొగను మొదట చూడగలవాడు కావలివాడు. నిన్న గ్రామమునుండి వచ్చినవానికి నేడు టోపీ పెట్టి నిలబెట్టుట శిక్షణ యగునా?

చిన్న దుకాణదారుడు ఇంత జీతము భరింపలేడని యందురు. ఈ మాటలో కొంత సత్యము గలదు. కాని నలుగురు దుకాణదారులు కలిసి యొక కావలివానిని పెట్టుకొని న్యాయమైన జీతమిచ్చుట అసాధ్యము కాదు. మహారాష్ట్రమున 1981లోనే చట్టము చేసి, కావలివాండ్రను నమోదు చేసికొని యజమానులనుండి సొమ్ము రాబట్టి జీతము పంచు బోర్డును బొంబాయి ప్రాంతమున నెలకొల్పిరి. అందు లోపములు లేవని మే మనము. అచ్చటి వర్తకము మూతపడలేదని మాత్రము చెప్పగలము.

వెట్టి యనుమాట తెలంగాణమువారికి వివరింపనక్కఱలేదు. 1930లో జోగిపేటలో తొలిసారి సమావేశమైన ఆంధ్ర మహాసభ వెట్టిచాకిరిపై పోరాడిన సంగతి మన పెద్దలెల్లరు ఎఱిగినదే. ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడములలో పనిచేసిన కూలీల విషయమున సుప్రీంకోర్టువారు 1982లో, కనీస వేతనమునకు తక్కువ యిచ్చి చేయించుకొను పని రాజ్యాంగము 23వ అధికరణమున నిషేధించిన బలవంతపు చాకిరియే యని తీర్పు చెప్పిరి. ఊరిలో వెట్టి పోయినదని సంతసించు భూస్వామి పట్టణమున తన మేడవాకిట నిలిచినవాని సంగతి ఒక్కసారి విచారింపవలదా?

ప్రభుత్వమువారు కావలివాని రేటును నిర్ణయించి వెంటనే గెజిట్టున ప్రకటింపవలెను. ఆ రేటును, పని గంటలను తెలుగున, ఉర్దూలో వ్రాసి ప్రతి దుకాణమునను, ప్రతి ఆసుపత్రియందును గోడకు అంటింపజేయవలెను. కావలివానికి వానలో నిలుచుటకు చూరు, త్రాగుటకు నీరు, కాలకృత్యములకు చోటు ఉన్నవో లేవో తనిఖీ అధికారులు పగలు గాక రాత్రి వచ్చి చూడవలెను. ఇక మా పాఠకులు ఏ ఉత్తర్వుకొఱకును వేచియుండ నక్కఱలేదు. ఈ మాసమున ఏజెన్సీవారి బిల్లు చెల్లించుటకు ముందు, మీ వాకిట నిలిచినవానికి కడచిన నెల ఎంత ముట్టినదో, ప్రావిడెంటు ఫండు కట్టబడినదో లేదో చూపు కాగితమును తెచ్చి యిమ్మని వారి నడుగుడు.