బంగాళాదుంప పుట్టినిల్లు

బంగాళాదుంప యను పేరు విని యిది వంగదేశపు పంటయని మనవారు పలువురు నమ్ముచుందురు. దాని పుట్టినిల్లు బంగాళము గాదు. దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములు. పెరూ, బొలీవియాల నడుమ టిటికాకా సరస్సు ప్రాంతమున కొండరైతులు వేలయేండ్ల క్రిందటనే అడవిదుంపను సాగులోనికి దెచ్చిరి. నేటికిని అచటి రైతు ఒకే మడిలో పలురకములు కలిపి నాటును. మంచుకు ఒకటి చెడిన వేఱొకటి నిలుచును. దీనిని మన విద్యాధికులు అనాగరికమందురేమో!

16వ శతాబ్దమున స్పెయినువారు ఆ దుంపను ఐరోపాకు గొనిపోయిరి, రకములనన్నిటిని గొనిపోలేదు. ఐర్లండులో భూమి జమీందారులది. కౌలుదారునకు మిగిలిన చిన్నచెక్కలో కుటుంబమును బోషింపగల పంట ఇదొక్కటే. అందును పేదలు 'లంపరు' అను నొక్క రకమునే ఎక్కువగా నమ్ముకొనిరి. దుంపముక్క నాటి పెంచిన ప్రతి మొక్కయు తల్లికి అచ్చుప్రతియే గదా! ఒకదానికి సోకిన తెగులు అన్నిటికిని సోకును. 1845లో బూజుతెగులు వచ్చెను. కొలది యేండ్లలో సుమారు 10 లక్షలమంది మరణించిరి. ఇంచుమించు మఱి అంతమంది దేశము విడిచిరి. ఆ దినములలోనే ఐర్లండు రేవులనుండి ధాన్యమును, పశువులును ఇంగ్లండునకు ఎగుమతియగుచుండెను. దుంపను కుళ్ళించినది తెగులు. ధాన్యమును ఓడ కెక్కించినది తెగులు గాదు.

పెరూ రాజధాని లీమాలో 1971లో వెలసిన అంతర్జాతీయ కేంద్రము వేలకొలది దుంపరకములను భద్రపఱచుచున్నది. మంచిదే. మన వరి మాటయేమి? మొలగొలుకులు, అక్కుళ్ళు, కృష్ణకాటుకలు నేడు ఏ రైతు విత్తనపుగాదెలో నున్నవి? ప్రతి పఠనమందిరమువారును తమ గ్రామవృద్ధుల నడిగి, పాతవిత్తనముల పేరులను, అవి దొరకు నిండ్లను ఈ పంటకాలముననే వ్రాసి యుంచవలయును.